స్ఫటికం చెప్పే సాక్ష్యం

(చెన్నపట్నంలో మన సంఘం జరిపిన ఉగాది ఉత్సవాలలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉగాదినాడు పంచాంగ శ్రవణం మన ఆచారం. రాబోయే సంవత్సరంలో వానలెట్లా ఉంటవో, పంటలెట్లా పండుతవో, ఎవరికి ఆదాయమెంతో వ్యయమెంతో సిద్ధాంతిగారు చదువుతారు, మనం వింటాము. జరగబోయేది తెలుసుకొనవలెననే కోరిక మనిషికి సహజం. అయితే జరిగిపోయినదానిని ఉన్నదున్నట్టు తెలుసుకొనడం మాత్రం సులభమని అనుకోకండి. నిన్న రాత్రి ఒక ఇంట్లో ఒక మనిషి మరణించాడు. రోగం వల్లనా, విషం వల్లనా? విషమే అయితే ఎవరు పెట్టారు? చూచినవారు లేరు. ఉన్నవారు నిజం చెబుతారన్న నమ్మకం లేదు. న్యాయస్థానం మాత్రం ఏదో ఒకటి తేల్చవలె. ఆ తీర్పు మీద ఒక మనిషి ప్రాణమో, స్వేచ్ఛయో ఆధారపడి ఉన్నది. ఇట్టి సందర్భంలో నోరులేని వస్తువుల చేత మాట్లాడించే విద్యను ఫోరెన్సిక్ సైన్స్ అంటున్నారు. ఆ విద్యలో రసాయనశాస్త్రం చేసే పని ఏమిటి, దానికి తోడుగా వచ్చిన ఎక్స్‌రే స్ఫటికశాస్త్రం చేసే పని ఏమిటి అన్నదే నేటి నా విషయం. పేరు బరువుగా ఉన్నదని భయపడకండి. ముగ్గు వేయడం తెలిసినవారికి ఇందులో సగం ముందే తెలుసు.

మొదట రసాయనశాస్త్రం సంగతి. పూర్వకాలం హంతకులకు పాషాణం ఇష్టమైన విషం. తెల్లగా ఉంటుంది, రుచి లేదు, వాసన లేదు. అన్నంలో కలిపినా, పాలలో కలిపినా తెలియదు. తిన్నవానికి వాంతులు, విరేచనాలు పట్టుకొంటవి. చూచినవారు కలరా అనుకొంటారు. ఇంగ్లండులో జాన్ బోడిల్ అనే యువకుడు తాతకు కాఫీలో పాషాణం పెట్టాడన్న అభియోగం వచ్చింది. జేమ్స్ మార్ష్ అనే రసాయనవేత్త ఆ కాఫీని పరీక్షించి, పాషాణం ఉన్నదనడానికి గుర్తుగా పసుపుపచ్చని అవక్షేపం రప్పించాడు. కాని జ్యూరీ ముందు పెట్టే వేళకు ఆ అవక్షేపం చెడిపోయింది. కంటికి కనబడని దానిని జ్యూరీవారు నమ్మలేదు. ముద్దాయిని విడిచిపెట్టారు. తరువాత అతడే నేరం ఒప్పుకొన్నాడు.

మార్ష్‌కు ఇది పట్టుదల కలిగించింది. చెడిపోని సాక్ష్యం కావలెనని పనిచేసి, 1836లో తన పద్ధతిని ప్రకటించాడు. అనుమానం ఉన్న పదార్థాన్ని జింకుతోను, ఆమ్లంతోను కలిపితే అందులోని పాషాణం వాయువుగా మారి పైకి వస్తుంది. ఆ వాయువును సన్నని గాజుగొట్టంలో పోనిచ్చి వేడిచేస్తే, గొట్టం లోపల నల్లని అద్దంలాగా ఒక పూత ఏర్పడుతుంది. మిల్లీగ్రాములో యాభయ్యోవంతు పాషాణం ఉన్నా ఈ పరీక్షకు దొరుకుతుంది. గొట్టానికి రెండువైపులా మూతివేసి న్యాయమూర్తి బల్లమీద పెట్టవచ్చు.

నాలుగేళ్ళు గడిచినవో లేదో, 1840లో ఈ పద్ధతి ఫ్రాన్సులో పెద్ద పరీక్షకు నిలిచింది. మరీ లఫార్జ్ అనే ఆమె భర్తకు పాషాణం పెట్టి చంపిందని అభియోగం. స్థానికంగా ఉన్న రసాయనవేత్తలు ఒకమారు ఉన్నదన్నారు, మరొకమారు లేదన్నారు. చివరకు పారిస్ నుండి ఒర్ఫీలా అనే మహాపండితుని పిలిపించారు. ఆయన వచ్చి శరీరభాగాలలో పాషాణం ఉన్నదని తేల్చాడు. ఇక్కడ మనం గమనించవలసినది ఒకటి ఉన్నది. ఆయన ఉన్నది అని చెప్పి ఊరుకొనలేదు. ఆ పాషాణం తాను వాడిన ఆమ్లం నుండి గాని, జింకు నుండి గాని రాలేదనీ, శవపేటిక చుట్టూ ఉన్న మట్టి నుండి రాలేదనీ కూడా చెప్పాడు. అంటే సాక్షిని ప్రశ్నించే ముందు ప్రశ్నించేవాడు తన చేతులు శుభ్రంగా ఉన్నవో లేవో చూచుకొన్నాడన్నమాట. నేటికి కూడా ప్రతి ప్రయోగశాలలోను నమూనాతోపాటు, నమూనా లేని ఉత్త కారకాలకు కూడా అదే పరీక్ష జరిపి తీరవలె.

ఈ సంగతులు ఎక్కడో ఐరోపాలో జరిగినవని అనుకోవద్దు. మన దేశంలో ఇట్టి పరీక్షలకు మొట్టమొదటి ప్రయోగశాల వెలసినది మనం కూర్చున్న ఈ నగరంలోనే. 1849లో మద్రాసులో కెమికల్ ఎగ్జామినరు ప్రయోగశాల ఏర్పడింది. తరువాత 1853లో కలకత్తాలోను, ఆ పైన ఆగ్రాలోను, బొంబాయిలోను వచ్చినవి. అప్పటి మద్రాసు రాజధానిలో ఉత్తర సర్కారులు, రాయలసీమ చేరి ఉండేవి కదా. శ్రీకాకుళం వైపు పల్లెలోనైనా, కడప వైపు పల్లెలోనైనా విషప్రయోగం జరిగిందన్న అనుమానం వస్తే, ముద్రవేసిన జాడీలు ఈ పట్నానికే చేరవలసి ఉండేది.

ఇప్పుడు రసాయనశాస్త్రం నుండి స్ఫటికశాస్త్రానికి దాటుదాము. ఈ రెంటికీ వంతెన కూడా ఆ పాషాణంలోనే ఉన్నది. తెల్ల పాషాణాన్ని గాజుగొట్టంలో వేడిచేస్తే ఆవిరై, పైన చల్లగా ఉన్నచోట తళతళలాడే పలుకులుగా కూడుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ పలుకులు ఒక్కొక్కటి ఎనిమిది ముఖాలు గల చిన్న రత్నంలాగా ఉంటుంది. పాతకాలపు పరీక్షకులు ఆ ఆకారం చూచి పాషాణాన్ని గుర్తుపట్టేవారు. అంటే పదార్థం దేనితో చేయబడినదన్నదే కాక, అది ఏ రూపంలో పేర్చబడి ఉన్నదన్నది కూడా ఒక గుర్తే. బొగ్గు జాతి గ్రాఫైటు, వజ్రం రెండూ ఒకే మూలకం. పెన్సిలులో గీత గీసేది ఒకటి, హారంలో మెరిసేది ఒకటి. తేడా అంతా పేర్పులో ఉన్నది.

ఈ పేర్పును చూడడం ఎట్లా? ఇక్కడ స్త్రీలు సాయం చేయవలె. మీరు వాకిట్లో చుక్కల ముగ్గు వేసేటప్పుడు ముందు చుక్కలు పెడతారు. అడ్డంగాను, నిలువుగాను చుక్కకు చుక్కకు నడుమ దూరం ఒకటే. ఒక మూల నాలుగు చుక్కలు చూచినవాడు వాకిలంతా ఎట్లా ఉంటుందో చెప్పగలడు. ఉప్పుకల్లులో, పటికలో, పటికబెల్లంలో పరమాణువులు ఈ విధంగానే వరుసలు తీరి ఉంటవి. ముగ్గు నేలమీద పరచుకొని ఉంటుంది, స్ఫటికం పైకి కూడా అంతస్తులు అంతస్తులుగా లేచి ఉంటుంది. అంతే భేదం.

అయితే ఈ చుక్కల నడుమ దూరం ఎంత? సెంటీమీటరును పది కోట్ల భాగాలు చేస్తే ఒక భాగాన్ని ఆంగ్‌స్ట్రామ్ అంటారు. ఉప్పులో పరమాణువుల వరుసల నడుమ దూరం 2.82 ఆంగ్‌స్ట్రాములు. మన కంటికి కనబడే వెలుగు అల పొడవు 4,000 నుండి 7,000 ఆంగ్‌స్ట్రాముల దాకా ఉంటుంది. గడ్డపారతో ముత్యానికి రంధ్రం వేయలేనట్టే, ఈ వెలుగుతో ఆ వరుసలను చూడలేము. సన్నని సూది కావలె. ఆ సూదిని 1895లో జర్మనీలో రాంట్‌జెన్ కనిపెట్టాడు. ఎక్స్‌రే అన్నది అదే. ఈ పనికి తరచు వాడే రాగి ఎక్స్‌రేల అల పొడవు 1.54 ఆంగ్‌స్ట్రాములు.

ఇంటివద్ద ఒక చిన్న ప్రయోగం చేయండి. రాత్రివేళ దూరాన ఒక వీధిదీపాన్ని సన్నని నేత ఉత్తరీయం గుండా చూడండి. దీపం ఒక్కటే కనబడదు. దాని చుట్టూ వరుసగా వెలుగు చుక్కలు కనబడుతవి. ఉత్తరీయం నేత ఎంత సన్నమైతే చుక్కలు అంత దూరంగా జరుగుతవి. అంటే ఆ చుక్కలను కొలిచి, పోగుకు పోగుకు నడుమ దూరం లెక్కకట్టవచ్చు. 1912లో మాక్స్ ఫాన్ లావే అనే జర్మన్ శాస్త్రజ్ఞుని సూచనమీద ఫ్రీడ్రిక్, నిప్పింగ్ అనే ఇద్దరు యువకులు ఇదే పని ఎక్స్‌రేలతో చేశారు. ఉత్తరీయానికి బదులు వాళ్లు పెట్టినది మనవాళ్లకు బాగా తెలిసిన మైలుతుత్తం పలుకు. దాని వెనుక ఉంచిన ఫొటో పలకమీద చుక్కలు వచ్చినవి. వెంటనే ఇంగ్లండులో బ్రాగ్ అనే తండ్రీ కొడుకులు ఆ చుక్కలనుబట్టి పరమాణువుల దూరాలు లెక్కకట్టే సూత్రం చెప్పారు. 1915లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమానం వచ్చింది. కొడుకు వయస్సు అప్పటికి 25 సంవత్సరాలు. అంత చిన్న వయసులో భౌతికశాస్త్రంలో ఆ బహుమానం పొందినవారు ఇంతవరకు మరొకరు లేరు.

మన దేశం ఈ శాస్త్రంలో వెనుకబడిలేదు. ఈ పట్నంలోనే మద్రాసు విశ్వవిద్యాలయంలో జి. ఎన్. రామచంద్రన్ 1954లో, తోలులోను ఎముకలోను ఉండే కొల్లాజెన్ అనే పదార్థం మూడు పేటల జడలాగా అల్లుకొని ఉంటుందని చూపించారు. మన తెలుగువారు సూరి భగవంతంగారు స్ఫటికాలలోని సౌష్ఠవాన్ని గణితంతో సాధించి, వెంకటరాయుడుగారితో కలిసి రచించిన గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించింది.

నేరపరిశోధనకు కావలసిన ఆఖరి మెట్టు మరొకటి ఉన్నది. నేరస్థలంలో అందమైన పెద్ద పలుకులు దొరకవు. దొరికేది చిటికెడు పొడి. 1916లో డిబై, షెరర్ అనేవారు, మరుసటి ఏడు అమెరికాలో హల్ అనే ఆయన, పొడిని కూడా ఎక్స్‌రేలతో పరీక్షించే పద్ధతి కనిపెట్టారు. పొడిలోని కోట్ల రేణువులు అన్ని దిక్కులకూ తిరిగి ఉంటవి గనుక చుక్కలకు బదులు గీతలు వస్తవి. ఏ పదార్థం గీతలు దానివే. 1938లో డౌ రసాయన సంస్థలో హానవాల్ట్, ఆయన సహచరులు వెయ్యి పదార్థాల గీతలు కొలిచి పట్టిక ప్రకటించారు. బలమైన మూడు గీతలు చూచి పట్టికలో వెదికితే పదార్థం పేరు దొరుకుతుంది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం తెరిచి మనుషులకు చేసినదే, వీరు పదార్థాలకు చేశారు. ఆ వెయ్యి నేడు లక్షలయినవి.

ఇప్పుడు ఈ రెండు శాస్త్రాలు కలిసి ఏమి చేయగలవో కొన్ని ఉదాహరణలు చెబుతాను.

రెండు పొట్లాలు ఉన్నవనుకొందాము. ఒకదానిలో ఉప్పు, సురేకారం కలిసి ఉన్నవి. మరొకదానిలో పొటాషియం క్లోరైడు, సోడియం నైట్రేటు కలిసి ఉన్నవి. రెంటినీ నీళ్లలో కరిగించి రసాయనపరీక్ష చేస్తే సోడియం, పొటాషియం, క్లోరైడు, నైట్రేటు అనే నాలుగే రెంటిలోనూ కనబడతవి. ఎవరు ఎవరితో జతకట్టి వచ్చారో నీళ్లలో పడిన తరువాత తెలియదు. పెళ్లివారందరూ పందిట్లో కలిసిపోయిన తరువాత ఎవరు ఏ బండిలో వచ్చారో చెప్పలేము కదా. పొడిని పొడిగానే ఎక్స్‌రేకు చూపితే ఏ జంట ఏదో వెంటనే తెలుస్తుంది. మందుగుండు కేసులలో ఈ తేడాకు చాలా విలువ ఉన్నది. పైగా పరీక్ష అయిన తరువాత పొడి ఎక్కడికీ పోదు. ప్రతిపక్షంవారు తిరిగి పరీక్షించుకొనవలెనంటే అదే పొడి ఇవ్వవచ్చు. రసాయనపరీక్షలో చాలాసార్లు నమూనా ఖర్చయిపోతుంది.

ముత్యాల సంగతి చూడండి. హైదరాబాదు ముత్యాల వ్యాపారానికి పేరుపడిన నగరం కనుక ఇది మనవాళ్లకు పనికివచ్చే మాట. జపానువారు ఆల్చిప్పలో చిప్పపూసను పెట్టి ముత్యాలు పెంచడం మొదలుపెట్టిన తరువాత, 1920 తరువాతి సంవత్సరాలలో లండనులోను, పారిస్‌లోను వర్తకులకు దిగులు పట్టుకొన్నది. పైకి రెండూ ఒకటే. సహజమైన ముత్యంలో పొరలు ఉల్లిపాయలాగా నడిబొడ్డు దాకా గుండ్రంగా ఉంటవి. కనుక ఏ దిక్కునుండి నడిబొడ్డు గుండా ఎక్స్‌రే పంపినా ఆరు మూలల ఆకృతి వస్తుంది. పెంపుడు ముత్యం కడుపులోని పూసలో పొరలు బల్లపరుపుగా ఉంటవి. ఒక దిక్కున ఆరు మూలలు వచ్చినా, మరొక దిక్కున తిప్పేసరికి నాలుగు మూలలు వస్తవి. ముత్యం పగలగొట్టనక్కరలేదు. పెంపుడు ముత్యం అమ్మడం నేరం కాదు, దానిని సహజమైనదని చెప్పి అమ్మడం నేరం.

మట్టి కూడా సాక్షే. 1904లో జర్మనీలో ఒక హత్య జరిగినచోట చేతిరుమాలు దొరికింది. గేయార్గ్ పాప్ అనే రసాయనవేత్త ఆ రుమాలులో నస్యం, బొగ్గు, హార్న్‌బ్లెండు అనే ఖనిజం రేణువులు చూచాడు. అనుమానితుడు గ్యాసు కార్ఖానాలోను, కంకర గోతులలోను పనిచేసేవాడు, నస్యం పీల్చేవాడు. అది సూక్ష్మదర్శిని కాలం. నేడు బంకమట్టి వంటి మెత్తని వాటికి ఎక్స్‌రేయే తగిన సాధనం. మన సీమలో నల్లరేగడి ఉన్నది, ఎర్రచెలక ఉన్నది. నల్లరేగడిలో ప్రధానంగా స్మెక్టైటు జాతి బంక ఉంటుంది. అది నీరు తాగి ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. ఎర్ర నేలలలో కేయొలినైటు అనే ఉబ్బని బంక ఎక్కువ. కేయొలినైటు పొరల నడుమ దూరం సుమారు 7 ఆంగ్‌స్ట్రాములు. స్మెక్టైటుకు ప్రయోగశాలలో గ్లైకాల్ అనే ద్రవం పట్టిస్తే పొరల దూరం 17 దాకా పెరుగుతుంది. చెప్పులకు అంటిన మట్టిని తొలగించి రంగు తెలియకుండా చేసినా, ఈ దూరాలు మారవు. నేను ఆ పొలానికి పోలేదని మనిషి అనవచ్చు. అతని చెప్పు వేరే మాట చెప్పవచ్చు. అయితే అటువంటి మట్టి మరెక్కడెక్కడ ఉన్నదో కూడా వెదకి చూడవలె. ఈ మాట మళ్లీ చెబుతాను.

దొంగ పత్రాలు, దొంగ చిత్రాలు మరొక రంగం. కొలంబస్‌కు ముందే, 15వ శతాబ్దంలోనే అమెరికా తీరాన్ని చూపిన పటమని చెప్పి, ఒక తోలు పటాన్ని 1965లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం ప్రకటించింది. విన్‌లాండ్ పటమని దానికి పేరు. 1974లో వాల్టర్ మెక్రోన్ అనే సూక్ష్మదర్శిని నిపుణుడు దాని సిరాలో టైటానియం డయాక్సైడు ఉన్నదన్నాడు. అది ప్రకృతిలోనూ దొరుకుతుంది గనుక అంతమాత్రాన తేలదు. కాని ఆ రేణువులు అనటేసు అనే స్ఫటికరూపంలో, కార్ఖానాలో తయారైన తెల్లరంగులో ఉండేటంత సన్నగా, గుండ్రంగా ఉన్నవి. ఆ తెల్లరంగు బజారులోకి వచ్చినది 1920 ప్రాంతంలో. ఎన్నో ఏండ్లు వాదోపవాదాలు జరిగినవి. చివరకు సిరా అంతటా టైటానియం పరచుకొని ఉన్నదని కొత్త పరీక్షలలో తేలిన మీదట, 2021లో యేల్‌వారే అది దొంగ పటమని ప్రకటించారు. రసాయనశాస్త్రం ఇది టైటానియం అన్నది. స్ఫటికరూపం ఇది ఏ కాలపుదో చెప్పింది.

అన్నింటికంటె మనస్సును కలచే ఉదాహరణ మందులది. ఆగ్నేయాసియా దేశాలలో మలేరియాకు ఆర్టిసునేట్ అనే మంచి మందు వాడేవారు. 2000 తరువాత ఆ మందు పేరుతో దొంగ బిళ్లలు వెల్లువలాగా వచ్చిపడినవి. పెట్టె, అట్ట, మెరుపు ముద్ర అన్నీ అసలువాటివలెనే. జ్వరంతో ఉన్న బిడ్డకు తల్లి ఆ బిళ్ల వేసి, తగ్గుతుందని కూర్చుంటుంది. వైద్యులు, రసాయనవేత్తలు, ఖనిజశాస్త్రజ్ఞులు, పుప్పొడి నిపుణులు, పోలీసులు కలిసి 391 నమూనాలు పరీక్షించారు. సుమారు సగం దొంగవి. కొన్నిటిలో అసలు మందు లేదు. కొన్నిటిలో కొంచెం మాత్రమే ఉన్నది. పరీక్షకు దొరికి తప్పించుకొనడానికి చాలుతుంది, రోగం తగ్గడానికి చాలదు. బిళ్లల పొడిలో కాల్సైటు అనే ఖనిజం, కొన్ని చెట్ల పుప్పొడి కనబడినవి. ఆ రెండూ దక్షిణ చైనా వైపు చూపినవి. చైనా ప్రభుత్వం 2006లో యునాన్ రాష్ట్రంలో కొందరిని పట్టుకొన్నది. ఈ వివరాలు 2008లో ప్రకటితమయినవి. సున్నపురాయి జాతి రేణువు ఒకటి ఇన్ని దేశాల సరిహద్దులు దాటి దారి చూపింది.

ఇంతవరకు గొప్పలు చెప్పాను. గొప్పలతో ముగిస్తే మీకు సగమే చెప్పినవాడనవుతాను.

ఎక్స్‌రే వివర్తనానికి హద్దులు ఉన్నవి. గాజు, మైనం వంటి వాటిలో చుక్కల వరుస లేదు గనుక స్పష్టమైన గీతలు రావు. మిశ్రమంలో నూటికి ఒకటి రెండు పాళ్ల కంటె తక్కువగా ఉన్న పదార్థం సాధారణంగా కనబడదు. కాలేయంలో కలిసిపోయిన పాషాణాన్ని అది పట్టలేదు. అక్కడ మళ్లీ రసాయనశాస్త్రమే గతి. అందుచేత ఈ రెంటిలో ఏది గొప్ప అన్న ప్రశ్న లేదు. ఒకటి లేనిచోట ఒకటి పనిచేస్తుంది.

అంతకంటే పెద్ద హద్దు మరొకటి. పరీక్ష చెప్పేది ఒకటి, దానినుండి మనం తీసే అర్థం మరొకటి. అమెరికాలో చాలా సంవత్సరాలపాటు తూటాలలోని సీసాన్ని పరీక్షించి, శవంలో దొరికిన తూటా నిందితుని ఇంటి పెట్టెలోనిదేనన్నట్టు సాక్ష్యం చెప్పేవారు. సీసంలోని మూలకాల కొలత సరియైనదే. కాని ఒక్క కరుగు సీసం నుండి వేలు, లక్షలు తూటాలు తయారై ఎన్నో ఊళ్లకు పోతవి. అవన్నీ ఒకే కొలత చూపుతవి. 2004లో అక్కడి నేషనల్ రిసెర్చి కౌన్సిలు ఈ మాట గట్టిగా చెప్పిన తరువాత, 2005లో ఎఫ్.బి.ఐ. ఆ పరీక్షనే మానివేసింది. కొలతలో తప్పులేదు. ఒకేరకం అన్నదానిని ఒకటే అన్నదానిగా చెప్పడంలో తప్పున్నది. మట్టి గురించి నేను ఇందాక హెచ్చరించినది ఇదే.

జపానులో వకయామాలో 1998 జులై 25న ఒక పేటవారు వేసవి ఉత్సవం చేసుకొన్నారు. ఇరుగుపొరుగువారంతా కలిసి కూర వండుకొని తిన్నారు. ఆ కూరలో పాషాణం కలిసింది. 67 మంది విషానికి గురయ్యారు. వారిలో నలుగురు మరణించారు. సామూహికంగా వండుకొని, నమ్మకంతో పంక్తిలో కూర్చుని తినే మనవంటి వారికి ఇది వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. అక్కడి స్ప్రింగ్-8 అనే మహా యంత్రం నుండి వచ్చే తీక్షణమైన ఎక్స్‌రేలతో ఆ పాషాణంలో కల్తీగా ఉన్న ఇతర మూలకాలను పరీక్షించారు. ఇది పేర్పును చూపే పరీక్ష కాదు. ఏ మూలకాలు ఎంతెంత ఉన్నవో చూపే పరీక్ష. కూరలో కలిసినది, నిందితురాలి ఇంటికి సంబంధించిన పాషాణం ఒకే మూలానివన్నారు. ఇతర సాక్ష్యాలతోపాటు దీనిని కూడా గ్రహించి న్యాయస్థానాలు మరణశిక్ష విధించినవి. 2009లో అక్కడి సుప్రీంకోర్టు దానిని స్థిరపరచింది. ఆమె తాను నిర్దోషిననే చెప్పి పునర్విచారణ కోరింది. ఆ ఎక్స్‌రే ఫలితాలకు చెప్పిన అర్థం సరికాదని మరికొందరు శాస్త్రజ్ఞులు తరువాత వాదించారు. ఎవరి వాదం నిజమో తేల్చే అధికారం నాకు లేదు. ఒకే పొడిని చూచి చదువుకొన్నవారు రెండు మాటలు చెప్పగలరన్నది మాత్రం మనం గుర్తుంచుకొనవలె. ఒకవైపు నలుగురి ప్రాణాలు, మరొకవైపు ఉరితాడు ఉన్నప్పుడు, సాక్షి తన కొలత ఎంతవరకు పోతుందో, ఎక్కడ ఆగుతుందో రెండూ చెప్పవలె. రెండవది చెప్పని శాస్త్రజ్ఞుడు మొదటిదానిని కూడా పాడుచేస్తాడు.

మన దేశంలో ఇప్పుడు ఈ విషయానికి మునుపటికంటె ప్రాముఖ్యం వచ్చింది. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, ఏడేళ్లు గాని అంతకుమించి గాని శిక్షపడే నేరాలలో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వెళ్లి సాక్ష్యం సేకరించవలె. దీనిని రాష్ట్రాలు ఐదేళ్ల లోపల అమలుపరచవలసి ఉన్నది. ప్రభుత్వ నిపుణుని నివేదికను అతనిని పిలువకుండానే సాక్ష్యంగా తీసుకొనవచ్చునన్న నియమం పాత చట్టంలోనూ ఉన్నది, కొత్తదానిలోనూ ఉన్నది. కావలెననుకొంటే న్యాయస్థానం అతనిని పిలిచి ప్రశ్నించవచ్చు. కాగితంమీద వచ్చిన మాటకు ఎదురుప్రశ్న వేయాలంటే, ఆ శాస్త్రం కొంతైనా తెలిసిన న్యాయవాదులు కావలె. కనుక ఈ విద్య ప్రయోగశాలలో పనిచేసేవారికి మాత్రమే సంబంధించినది కాదు.

మామూలు గృహస్థులుగా మనం చేయగలిగినది కూడా ఉన్నది. ఏదైనా దుర్ఘటన జరిగినచోట మనవాళ్లు చేసే మొదటి పని, జాలితోనే కావచ్చు, నేల కడగడం, పాత్రలు తోమడం, బట్టలు మార్చడం. ఆ కడిగిన నీళ్లలో సాక్ష్యమంతా కొట్టుకొనిపోతుంది. ప్రాణం ఉన్నవారిని ఆసుపత్రికి చేర్చండి. తక్కినవి ఉన్నచోటనే ఉంచి, తలుపు దగ్గరకు వేసి, అధికారులకు కబురుచేయండి. అన్యాయం జరిగినవారికైనా, అన్యాయంగా నింద పడినవారికైనా మనం చేయగలిగిన మేలు అదే.

సభలో పిల్లలు చాలామంది కూర్చున్నారు. ఇంటి భాష తెలుగు, బడి భాష మరొకటి, వీధి భాష తమిళం. మూడు భాషలు నేర్చినవారికి నాలుగవ భాష కష్టం కాదు. పరమాణువుల వరుసలు మాట్లాడే భాష అది. గాంధీనగర్‌లో 2020 నుండి జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం నడుస్తున్నది. హైదరాబాదులో కేంద్ర ప్రయోగశాల ఉన్నది. ఈ నగరంలో మైలాపూరులో సముద్రతీరాన రాష్ట్ర ఫోరెన్సిక్ శాఖ ఉన్నది. రసాయనం, భౌతికం శ్రద్ధగా చదివినవారికి అక్కడ పని ఉన్నది. జీతం మాట అట్లా ఉంచి, తాము వ్రాసే ప్రతి నివేదిక వెనుక పేరు తెలియని ఒక మనిషి బ్రతుకు ఉన్నదన్న ఎరుక కలవారు అక్కడికి పోవలె. మన తెలుగుబిడ్డలు అట్టివారు కావలెనని నా కోరిక.